పేరులో ఐదు, ఫొటోలో ముగ్గురే: బెన్ ఫోల్డ్స్ ఫైవ్ లెక్క

బెన్ ఫోల్డ్స్ ఫైవ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ ఫొటోలో ముగ్గురే ఉన్నారు, మిగతా ఇద్దరు ఎవరు, వాళ్ల పాటల్లో ఆ గరగరలాడే గిటార్ ఎవరిది, ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి అని కదా అడిగారు. టెన్షన్ వద్దండీ, మిగతా ఇద్దరు లేనే లేరు. 1993లో నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో మొదలైనప్పటి నుంచీ ముగ్గురే: పాట, పియానో బెన్ ఫోల్డ్స్, బాస్ (మంద్ర స్వరాల తీగవాద్యం) రాబర్ట్ స్లెడ్జ్, డ్రమ్స్ డారెన్ జెస్సీ. ‘ఫైవ్’ ఉత్త చమత్కారం.

గిటార్ అని మీరు పొరబడింది స్లెడ్జ్ బాస్‌నే. ఫజ్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెట్టి దాన్ని అలా గరగరలాడిస్తాడు. నేనూ మొదట్లో మోసపోయాను!

1997 నాటి ‘వాటెవర్ అండ్ ఎవర్ ఆమెన్’తో మొదలుపెట్టండి. ఫోల్డ్స్ అద్దె ఇంట్లోనే రికార్డు చేశారు. ‘స్టీవెన్స్ లాస్ట్ నైట్ ఇన్ టౌన్’ హెడ్‌ఫోన్స్‌లో వినండి, మధ్యలో ఫోన్ మోగుతుంది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచేశారు. బాగా పేరు తెచ్చిన ‘బ్రిక్’ కూడా ఇందులోదే. దాని పల్లవి జెస్సీ రాశాడు.

తర్వాత 1995 నాటి తొలి ఆల్బమ్ వినండి. 1999ది కాస్త బరువు, ఆఖర్న పెట్టుకోండి. 2000లో విడిపోయారు, మళ్లీ కలిసి 2012లో ఒకటి చేశారు. అది తీరిక ఉంటేనే.