కాలప్రయాణం మీద రాసిన థ్రిల్లర్ నవలలు సగం దాటాక ఎందుకు పట్టు తప్పుతాయి?

ప్రధాన కారణం, గడువుకు విలువ లేకపోవడం. నేటి విజయవాడ ఇంజనీరు ఒకరు, కృష్ణానదిపై పాత ఆనకట్ట తెగకుండా ఆపడానికి 1952కు వెళ్లాడని అనుకుందాం. మొదటి ప్రయత్నం బెడిసికొడితే మరో రోజు ముందుగా దిగవచ్చు కదా అన్న అనుమానం పాఠకుడికి రాగానే ఉత్కంఠ చల్లారిపోతుంది. యంత్రం ఒక్కసారే పనిచేస్తుందన్న నియమాన్ని మొదట్లోనే చెప్పాలి. చివరి అధ్యాయాల్లో అవసరం కొద్దీ తెచ్చిపెడితే అది మోసంగానే తోస్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు పర్యవసానాలది. ఆనకట్ట తెగకపోతే, దాని స్థానంలో 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ అప్పటికి వచ్చేదా? అసలు ఆ ప్రమాదమే జరగనప్పుడు, దాన్ని ఆపాలని ఇంజనీరు బయలుదేరడం ఎలా సాధ్యం? ఈ ప్రశ్నలను దాటవేసి, తిరిగి వచ్చిన నాయకుడికి ఊరంతా యథాతథంగా కనిపించిందని రాసే నవలలే ఎక్కువ, నన్నడిగితే ఇది బద్ధకమే.

కాలానికి సరిపడని వివరాలు కూడా కథను దెబ్బతీస్తాయి. 1952 నాటి బెజవాడ హోటల్లో కాఫీకి నయాపైసలు చెల్లించాడని రాస్తే (అవి చలామణిలోకి వచ్చింది 1957 ఏప్రిల్‌లో, అంతకుముందు అణాలే) ఆ రోజులు చూసిన గుంటూరు, కృష్ణా జిల్లాల పెద్దలు అక్కడే పుస్తకం మూసేస్తారు. ఇక శాస్త్రవేత్త పాత్ర చేత పేజీల కొద్దీ సిద్ధాంతం చెప్పించడం అందరికీ తెలిసిన జబ్బే.