టెక్సాస్‌లో ఎమ్మెల్యే అభ్యర్థి వెంట నెలన్నర తిరిగాను, మన తోరణాల ఇళ్ళు లిస్టులోనే లేవు

అడిగినాయన ప్రశ్న ఇది: "అమెరికాలో రాష్ట్ర అసెంబ్లీకి పోటీ చేసే కన్జర్వేటివ్ అభ్యర్థి ప్రచారం ఎలా ఉంటుంది, మన ఎమ్మెల్యే ఎన్నికలకీ దానికీ తేడా ఏంటి, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు అందులో పనిచేయొచ్చా?"

అమెరికా మొత్తం సంగతి నాకు తెలియదు, నాకు తెలిసింది ఒక్క ప్రచారం. డాలస్‌కి ఉత్తరాన మేముండే శివారులో 2024లో టెక్సాస్ హౌస్ (రాష్ట్ర అసెంబ్లీ దిగువ సభ) సీటుకి రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ టికెట్ ఎవరికో ఓటర్లే తేల్చే ఎన్నికలో, నిలబడ్డ ఒకాయన కోసం జనవరి మూడో వారం నుంచి మార్చి 5 దాకా శని, ఆదివారాలు తిరిగాను. పేరు చెప్పను. ఎలాగూ ఓడిపోయారు, మళ్ళీ తన ఇన్సూరెన్స్ ఏజెన్సీ చూసుకుంటున్నారు. నాకు సిటిజన్‌షిప్ వచ్చింది 2021లో. పుట్టి పెరిగింది తెనాలి పక్కన పల్లెలో, కాబట్టి ఎన్నికలంటే జీపు మీద మైకు, గోడలకి సున్నం కొట్టి రాసిన గుర్తులు, పోలింగ్ ముందు రాత్రి వీధిలో కుక్కలు మొరగడం, అవే నా బుర్రలో ఉన్నాయి. ఇక్కడ వాటిలో ఒక్కటీ లేదు, కుక్కలు తప్ప.

ముందు సైజు సంగతి. టెక్సాస్ హౌస్‌లో 150 సీట్లు, ఒక్కోదాని కింద జనాభా సుమారు 1.94 లక్షలు. ఆంధ్రలో ఒక నియోజకవర్గానికి ఓటర్లే సగటున రెండు లక్షలు దాటతారు, అంటే కొంచెం చిన్నదైనా మన ఎమ్మెల్యే సీటు లాంటిదే. కానీ జీతం నెలకి 600 డాలర్లు, ఏడాదికి 7,200. మా ఇంటికి నేను కట్టే ప్రాపర్టీ టాక్స్ అంతకన్నా ఎక్కువ! సభ మామూలుగా రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరం జనవరిలో మొదలై 140 రోజులు జరుగుతుంది, ఆ రోజులకి బత్తా విడిగా ఇస్తారు. అందుకే నౌకరీ చేసుకునేవాడు పోటీ చేయడం కష్టం, లాయర్లు, వ్యాపారస్తులు, రిటైరైనవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. నామినేషన్ ఫీజు 750 డాలర్లు, మన డిపాజిట్ లాగా ఓట్లొస్తే తిరిగొచ్చే డబ్బు కాదది.

ఇదంతా ఫోన్లో మా నాన్నకి చెప్తుంటే ఆయన ఒకటే అడిగారు. "ఏరా, ఓటుకెంతిస్తున్నారక్కడ?" ఏమీ ఇవ్వరు నాన్నా అన్నాను. "మరి జనం ఎందుకేస్తారు?" వెయ్యరు నాన్నా, అదే ఇక్కడి గొడవ అన్నాను. నిజంగానే వెయ్యరు. ఆ మార్చిలో టెక్సాస్ మొత్తం మీద ఓటర్లుగా నమోదైనవాళ్ళు కోటీ 79 లక్షలుంటే రిపబ్లికన్ ప్రైమరీలో పడ్డ ఓట్లు సుమారు 23 లక్షలు. సగటు తీస్తే ఒక్కో హౌస్ సీటుకి పదిహేను వేల చిల్లర. మా సీటులో నవంబర్ ఎన్నిక పేరుకే, రిపబ్లికన్ టికెట్ ఎవరికొస్తే వాళ్ళే గెలుస్తారు. అంటే రెండు లక్షల మందికి ఎమ్మెల్యే ఎవరో ఫిబ్రవరి చలిలో బయటికొచ్చిన ఆ కొద్దిమందే తేలుస్తారన్నమాట.

ఇక కన్జర్వేటివ్ అనే మాట. సంప్రదాయవాది అనగానే మనకి పంచె, బొట్టు, మడి గుర్తొస్తాయి గానీ అక్కడ లెక్క వేరు: పన్నులు తగ్గాలి, తుపాకీ హక్కు జోలికి రావద్దు, అబార్షన్ వద్దు, బోర్డర్ మూసెయ్యాలి. ప్రైమరీలో నిలబడ్డ ముగ్గురూ ఇవే చెప్తారు, కాబట్టి పోటీ అంతా ఎవరు ఎక్కువ కన్జర్వేటివ్ అన్నదాని మీదే. పోస్టులో వచ్చే గట్టి అట్ట కరపత్రాల్లో ఒకరినొకరు "పేరుకే రిపబ్లికన్" అని తిట్టుకున్నారు. ఆ ఏడాది రెండు పాత గొడవలు నడుస్తున్నాయి. ఒకటి, 2023 మేలో అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్‌ని హౌస్ 121-23 ఓట్లతో అభిశంసించడం, తర్వాత పై సభ సెనేట్ ఆయన్ని నిర్దోషని వదిలెయ్యడం. రెండోది స్కూల్ వౌచర్లు, అంటే పిల్లల్ని ప్రైవేటు బడిలో చేర్చేవాళ్ళకి ప్రభుత్వం డబ్బివ్వడం. 2023 నవంబర్లో 21 మంది రిపబ్లికన్లు డెమోక్రాట్లతో కలిసి ఆ బిల్లులోంచి వౌచర్లని తీసేయించారు, గవర్నర్ గ్రెగ్ ఆబట్ పగబట్టినట్టు సొంత పార్టీవాళ్ళ మీదే ప్రచారానికి దిగారు, ప్రైమరీల్లో వాళ్ళలో చాలామంది ఓడిపోయారు. తలుపు తీసినవాళ్ళు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న చాలాసార్లు "మీవాడు గెలిస్తే స్పీకర్‌గా డేడ్ ఫెలాన్‌కే వేస్తాడా?" అనే (ఆ అభిశంసనప్పుడు హౌస్ స్పీకర్ ఆయనే). రోడ్లు, నీళ్ళ గురించి అడిగింది నాకు గుర్తున్నంతలో ఇద్దరు.

మా అభ్యర్థి వౌచర్ల పక్షం. నేను కాదు. మేం ఈ ఊరికి అప్పు చేసి మరీ వచ్చిందే ఇక్కడి ప్రభుత్వ బడుల కోసం, మా ఆవిడైతే "నువ్వు తిరిగేది మన పిల్లల బడికి డబ్బు తగ్గించేవాడి కోసం" అని రెండు వారాలు ముఖం మాడ్చుకుంది. మరెందుకు తిరిగానంటే ప్రాపర్టీ టాక్స్ కోసం. స్కూల్ టాక్స్ లెక్కలో సొంతింటి విలువలోంచి ఇచ్చే మినహాయింపు 2023 నవంబర్ ఓటింగ్‌తో 40 వేల డాలర్ల నుంచి లక్షకి పెరిగింది, ఇంకా పెంచాలని అంకెలతో సహా మాట్లాడిన మనిషి ఆ ముగ్గురిలో ఈయనొక్కరే. (2025లో అది లక్షా 40 వేలైంది. వౌచర్ల బిల్లు కూడా అదే ఏడాది వంద కోట్ల డాలర్లతో పాసైంది. ఈయన సభలో లేకుండానే రెండూ అయిపోయాయి, అది వేరే సంగతి.)

ఇంటింటి ప్రచారాన్ని ఇక్కడ బ్లాక్ వాకింగ్ అంటారు. శనివారం పొద్దున తొమ్మిదికి ఒక కాఫీ షాపు వెనక గదిలో కలుస్తాం, ముందు ప్రార్థన, జీసస్ పేరుతో ఆమెన్ అనేదాకా నేనూ చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి, ఎవరూ ఏమీ అనుకోలేదు, నాకూ ఇబ్బందనిపించలేదు. తర్వాత బేకన్ లేని టాకో ఎక్కడుందా అని వెతుక్కోవడం. తర్వాత ఫోన్లో యాప్. మ్యాపు మీద చుక్కలుంటాయి, చుక్క నొక్కితే ఆ ఇంట్లో ఎవరున్నారు, వయసెంత, ఏ ఏడు ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారు అన్నీ వస్తాయి. ఎవరికేశారన్నది రహస్యం, వేశారా లేదా అన్నది టెక్సాస్‌లో బహిరంగ రికార్డే.

మొదటి రోజే నాకు తేడా కొట్టింది. ఒక వీధిలో పన్నెండిళ్ళుంటే చుక్కలు మూడే. మధ్యలో దాటేస్తున్న ఇళ్ళు చూస్తే గుమ్మానికి ప్లాస్టిక్ మావిడాకుల తోరణం, మెట్ల దగ్గర ముగ్గు స్టిక్కరు, తలుపు పక్కన ఆరేడు జతల చెప్పులు, సగం తెరిచిన గరాజ్‌లో చలికి లోపల పెట్టిన కరివేపాకు కుండీ, దానికి పాత దుప్పటి చుట్టి. ఇలాంటివి వరసగా నాలుగు. ఒక్కదానికీ చుక్క లేదు. ప్రచారం చూసే కుర్రాణ్ణి అడిగితే మామూలుగా చెప్పాడు, గత నాలుగు ప్రైమరీల్లో కనీసం రెండింట్లో వేసినవాళ్ళ తలుపే కొడతామని, మిగతావాళ్ళ దగ్గరికెళ్ళడం టైం దండగని. వాడి మీద నాకు కోపం రాలేదు. నలుగురు మనుషులూ ఆరు వారాలూ ఉన్నప్పుడు వాడు చేసింది సరైన లెక్కే. కానీ దీపావళికి పార్కు నిండిపోయే ఊళ్ళో, ఇంటికి ఇద్దరేసి ఇంజనీర్లున్న వీధిలో, ఓట్ల మ్యాపు మీద మనం లేం. పార్కింగ్ స్థలం లాగా ఖాళీ.

ఒక ఆదివారం యాప్ జేబులో పెట్టి అలాంటి తలుపొకటి కొట్టాను. వరంగల్ వైపు ఆయన. తెలుగు అనగానే "రాండ్రి అన్నా, లోపలికి రాండ్రి" అని చాయ్, సకినాలు, నలభై నిమిషాలు. (కుర్రాడు చెప్పింది నిజమే, టైం పోయింది.) ఆయన ఏటా మే 15 లోపు అప్రైజల్ జిల్లాలో (పన్ను కోసం ఇంటి విలువ కట్టే ఆఫీసు) ప్రొటెస్ట్ వేసి, పక్కిళ్ళ అమ్మకం ధరలన్నీ ఎక్సెల్‌లో పెట్టి, ఇంటి విలువ తగ్గించుకునే రకం. ప్రైమరీలో ఎప్పుడైనా వేశారా అంటే "నవంబర్ల ఏస్త కదన్నా ప్రతిసారి" అన్నారు. ప్రైమరీ పార్టీ సభ్యుల వ్యవహారం అనుకున్నారట. టెక్సాస్‌లో పార్టీ రిజిస్ట్రేషనే లేదు, బూత్‌కి వెళ్ళి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడే చెప్పొచ్చు, ఒకరి ప్రైమరీలో వేసి ఇంకొకరి రనాఫ్‌లో (రెండో విడత పోటీలో) మాత్రం వెయ్యకూడదు, అంతే అని చెప్తే నన్ను కాసేపు అనుమానంగా చూసి ఫోన్లో వెతికి నిజమని తేల్చుకున్నారు.

అన్ని తలుపులూ ఇలా తెరుచుకోలేదు. జెండా కట్టిన ఒకింట్లో పెద్దాయన గడప మీదే నిలబెట్టి "నువ్వు సిటిజన్‌వేనా?" అన్నారు. అవునన్నాను. హెచ్1బీ వీసాల మీద మీవాడి మాటేంటని తగులుకున్నారు. అది వాషింగ్టన్ పనండీ, రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో కూర్చునేవాళ్ళ చేతిలో లేదన్నా వినలేదు. కరపత్రం మాత్రం తీసుకున్నారు. ఆ సాయంత్రం కారెక్కాక స్టీరింగ్ పట్టుకుని ఊరికే కూర్చున్నాను కాసేపు. ఈ పార్టీలో తిరిగే మనవాళ్ళకి అది ఉండేదే, లేదని చెప్తే అబద్ధం. న్యూజెర్సీలో ఉపేంద్ర చివుకుల, మేరీలాండ్‌లో అరుణా మిల్లర్, మిషిగన్‌లో పద్మ కుప్ప, ఇలా రాష్ట్ర సభల్లో గెలిచినవాళ్ళలో నాకు గుర్తొచ్చే తెలుగు పేర్లన్నీ డెమోక్రాట్లవే కావడం ఊరికే జరిగిందనుకోను.

ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 20 నుంచి మార్చి 1 దాకా. ఓటింగ్ జరిగే లైబ్రరీ తలుపుకి వందడుగుల అవతల గుర్తుపెట్టి ఉంటుంది, ఆ గీత దాటి ప్రచారం చేయకూడదు. మా అభ్యర్థి ఆ గీత బయట మడత కుర్చీ వేసుకుని, కూర్చోకుండా, ఆ పదకొండు రోజుల్లో ఓటింగ్ జరిగిన ప్రతిరోజూ వచ్చిన ప్రతి మనిషికీ చెయ్యిచ్చారు. గాలికి చెవులు ఎర్రబడిపోయేవి. పక్కనే ఆయన ప్రత్యర్థి కూడా అదే పని, మధ్యాహ్నం ఒకరి థర్మాస్‌లో కాఫీ ఇంకొకరు పోసుకున్నారు, రాత్రికి మళ్ళీ ఫేస్‌బుక్‌లో తిట్టుకున్నారు. ఆఖరి రోజు శుక్రవారం సాయంత్రం మా వరంగల్ ఆయన భార్యతో సహా వచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది. వేసి బయటికొచ్చి నవ్వుతూ చెప్పారు, "మీవోనికి ఎయ్యలే అన్నా. అవతలాయనకేసినం, వౌచర్లు వద్దంటుండు కదా." ఆయన భార్య నాకు సారీ చెప్పింది. ఏం చెప్పను, వాళ్ళు నా మనసులో మాటకే ఓటేశారు.

ఫలితం మార్చి 5 రాత్రి ఏడింటికే తెలిసిపోయింది. పోలింగ్ ముగియగానే ముందస్తు ఓట్ల అంకె పెట్టేస్తారు, మెక్సికన్ హోటల్లో బుక్ చేసిన హాల్లో ఇంకా చిప్స్ కూడా రాకముందే మేం మూడో స్థానంలో ఉన్నాం. ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరికీ మేలో రనాఫ్. ఆ రెండో స్థానానికి మాకు మూడొందల చిల్లర ఓట్లు తక్కువయ్యాయి. అభ్యర్థి అందరికీ థాంక్స్ చెప్పి, బిల్లు ఆయనే కట్టి, మర్నాడు పొద్దున యార్డ్ సైన్లు పీకడానికి ఎవరొస్తారని అడిగారు. నేను, ఇంకో ముగ్గురం వెళ్ళాం.

మీ హెచ్1బీ ప్రశ్నకి వస్తే, జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా తిరగొచ్చు. డబ్బు మాత్రం ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు, ఫెడరల్ చట్టం రాష్ట్ర, స్థానిక ఎన్నికలకి కూడా వర్తిస్తుంది, ఎవరికి ఎంత ఖర్చు పెట్టాలి లాంటి నిర్ణయాల్లోనూ వేలు పెట్టకూడదు. గ్రీన్‌కార్డ్ ఉంటే విరాళం ఇవ్వొచ్చు, ఓటు వెయ్యకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్ దగ్గర "ఓటరుగా నమోదవుతారా" అన్న గడిలో పొరపాటున కూడా టిక్ పెట్టొద్దు. సిటిజన్ కాకుండా ఓటరుగా నమోదైతే తర్వాత ఇమిగ్రేషన్‌లో పడే తిప్పలు మామూలుగా ఉండవు. సిటిజన్ అయ్యాక ఎన్నికకి 30 రోజుల ముందే నమోదు చేసుకోవాలి.

ఇంకొకటి. నేనూ మా ఆవిడా 2022 నుంచి ప్రతి ప్రైమరీలో వేస్తున్నాం కాబట్టి ఇప్పుడు మా ఇంటికి చుక్క వచ్చింది. 2026 మార్చి ప్రైమరీకి ముందు ఫిబ్రవరిలో ఒక శనివారం మా బెల్ మోగింది. నేను ఇంట్లో లేను. మా ఆవిడ సోలార్ ప్యానెళ్ళవాడనుకుని తలుపు తియ్యలేదు. రాత్రి డోర్‌బెల్ కెమెరాలో చూస్తే హౌస్‌కి పోటీ చేస్తున్న ఇంకొకాయన, చేతిలో కరపత్రాలు, మా తోరణం ఒక కొస ఊడి వేలాడుతుంటే దాన్ని జాగ్రత్తగా మేకుకి తగిలించి వెళ్తున్నాడు.