ముగింపు తేల్చని మూడో భాగం చదవాలా, మానేయాలా?

"'షివర్', 'లింగర్' నచ్చాయి. మూడోది 'ఫరెవర్' ఏదీ తేల్చకుండా వదిలేసిందంటున్నారు, చదవొచ్చా?" అని కదా ప్రశ్న, మ్యాగీ స్టీవాటర్ తోడేళ్ల నవలల గురించి. చదవండి. తేల్చలేదని గోల పెట్టేవాళ్లు సగానికి సగం మంది పెళ్లి భోజనం పెట్టలేదని అలిగినవాళ్లే. నేనైతే ఆఖరి పేజీలు పోయాయనుకున్నాను.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను. అప్పుడు మేం వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉండేవాళ్లం. కిటికీ అద్దం పగిలి గదంతా నీళ్లు. మంచం మీదున్న 'ఫరెవర్' తడిసి ముద్దయింది. దాని కోసం ఎన్ని షాపులు తిరిగానో! ఏ షాపులో చూసినా మొదటి భాగం దొంతర్లుగా ఉంటుంది, మూడోది అడిగితే ఆర్డర్ పెట్టుకోమంటారు. మొదటిది చదివినవాళ్లు మూడోది చదవరా ఏంటి?

ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. సాయంత్రమైతే అపార్ట్‌మెంట్ మెట్ల మీద కొవ్వొత్తి పెట్టుకుని అందరం కూర్చునేవాళ్లం. సీరియళ్లు లేక అల్లాడుతున్న అమ్మ "ఆ తోడేళ్ల కథేదో చెప్పవే" అంది. మొదలుపెట్టాను. కథ జరిగేది అమెరికాలోని మిన్నెసోటాలో. చలి పడితే తోడేలు, వెచ్చబడితే మనిషి. ఏటేటా మనిషిగా ఉండే రోజులు తగ్గిపోయి, చివరికి తోడేలుగానే మిగిలిపోతారు. మొదటి భాగంలో అబ్బాయి సామ్‌కి ఆ భయం. మూడో భాగానికి తోడేలయ్యేది అమ్మాయి గ్రేస్, ఎదురుచూసేది సామ్.

కింది వాటా పిన్నిగారు మధ్యలో అందుకున్నారు. "ఆ మిన్నెసోటా చలిలో ఏటి పనే? మన వైజాగ్ వచ్చేస్తే పోదా? ఇక్కడ తోడేలవ్వాలంటే లంబసింగి దాకా వెళ్లాలి." ఏసీ వేస్తే మళ్లీ తోడేలే కదా పిన్నీ అన్నాను. "కరెంటేదే?" అన్నారు.

గ్రేస్ క్లాస్‌మేట్ ఇసబెల్ వాళ్ల నాన్న హెలికాప్టర్లోంచి తోడేళ్లని కాల్పించబోయే ఘట్టం రెండు సాయంత్రాలు సాగదీశాను. ఇక ముగింపుకొచ్చేసరికి ఆఖరి పేజీలు అట్టకి అతుక్కుపోయి, తీస్తే చిరిగిపోయాయి. మెట్ల మీద పదిమంది ఎదురుచూస్తుంటే ఏం చెయ్యను? గ్రేస్‌కి పూర్తిగా నయమైపోయిందనీ, సింహాచలంలో పెళ్లయిందనీ చెప్పేశాను. మిన్నెసోటా ఎక్కడ, సింహాచలం ఎక్కడ అని ఒక్కరూ అడగలేదు.

కొన్ని నెలలకి మా కజిన్ దగ్గర ఇంకో కాపీ దొరికింది. చూస్తే అసలు ముగింపులో నయం కావడం ఒక ఆశ మాత్రమే, దాని దగ్గరే రచయిత్రి మ్యాగీ స్టీవాటర్ ఆపేసింది. మొదట ఒళ్లు మండింది. రెండోసారి చదివితే అదే సరైందనిపించింది. మూడు పుస్తకాల పొడుగునా వచ్చే చలికాలం గురించి భయపడినవాళ్లకి, ఇక ఏ చలికాలమూ రాదని రాసిస్తే అది అబద్ధం కాదా? 2014లోనే వచ్చిన 'సిన్నర్' చదివితే తేలుతుందనుకోకండి, అది తోడేలుగా మారే రాక్ గాయకుడు కోల్, ఇసబెల్‌ల కథ.

ఇదంతా అమ్మకి వివరంగా చెప్పాను. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ అంతా వింది.

"నువ్వు చెప్పిందే బాగుందే" అంది.