రియాక్టా, యాంగ్యులరా అని అడిగే ముందు

"డిగ్రీ అయిపోయింది, అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటున్నాను. ఫ్రంట్ ఎండ్ డెవలపర్ అవ్వాలని ఉంది. రియాక్ట్, యాంగ్యులర్, వ్యూలలో ఏది నేర్చుకుంటే త్వరగా ఉద్యోగం వస్తుంది?" అని అడిగారు.

రియాక్టే. ఈ మూడూ జావాస్క్రిప్ట్‌తో వెబ్ పేజీలు కట్టడానికి వాడే రెడీమేడ్ సరంజామా, అంటే ఫ్రేమ్‌వర్కులు. హైదరాబాద్‌లో ఫ్రెషర్లకు వచ్చే ఓపెనింగుల్లో నాకు ఎక్కువగా కనిపించేది అదే. పెద్ద సర్వీస్ కంపెనీల ప్రాజెక్టుల్లో యాంగ్యులర్ కూడా బాగానే నడుస్తోంది. వ్యూకి ఇక్కడ అడిగేవాళ్లు తక్కువ. కానీ మీరు మొదటి నాలుగైదు నెలలు ఈ మూడింటి జోలికీ పోకండి. పేజీకి నిర్మాణం ఇచ్చే హెచ్‌టీఎంఎల్, రూపం ఇచ్చే సీఎస్‌ఎస్, పని చేయించే జావాస్క్రిప్ట్, ఇవి మాత్రమే పట్టుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి కళ్లారా చూశాను.

ఆమధ్య మా టీమ్ రెండు భాషల్లో ఒక వెబ్‌సైట్ చేసింది. ఇంగ్లిష్ పేజీలు చక్కగా వచ్చాయి. తెలుగులోకి మారిస్తే హెడ్డింగుల్లో వత్తులు తెగిపోయి కనిపించాయి. 'రాష్ట్రం' అన్న మాటలో టవత్తు సగమే ఉంది, రవత్తు దాదాపు లేదు. తెల్లారితే క్లయింట్‌కి డెమో. అందరికీ టెన్షన్. రియాక్ట్‌లో బాగా అనుభవం ఉన్న ముగ్గురు కూర్చున్నారు. సర్వర్ నుంచి సమాచారం అందించే ఏపీఐ నుంచే డేటా పాడై వస్తోందని ఒకరన్నారు. ఒకరు ఫాంట్ మార్చి చూశారు. ఇంకొకరు పేజీలో ఆ భాగానికి రాసిన కోడ్, అంటే కాంపోనెంట్, మొత్తం తిరగరాశారు. రాత్రి ఎనిమిదైనా వత్తులు రాలేదు.

అప్పుడు నల్గొండ నుంచి కొత్తగా చేరిన అమ్మాయి బ్రౌజర్‌లో పేజీ వెనకున్న కోడ్ చూపించే ఇన్‌స్పెక్ట్ తెరిచి ఆ హెడ్డింగ్ మీద క్లిక్ చేసింది. అప్పటికి తనకి రియాక్ట్ అంతంతమాత్రమే. "అన్నా, అక్షరాలు బాగానే ఉన్నాయి. వాటి పెట్టె ఎత్తే చాలట్లేదు" అంది. చూస్తే లైన్ హైట్ 1 అని ఉంది, అంటే వరస ఎత్తు అక్షరం సైజు ఎంతో అంతే. దానికి తోడు ఓవర్‌ఫ్లో హిడెన్, అంటే పెట్టె దాటింది కనిపించదు. ఇంగ్లిష్‌కి ఆ ఎత్తు సరిపోతుంది. మనకు పైన గుడులు, కింద వత్తులు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. తను ఆ 1 తీసి 1.6 పెట్టగానే 'రాష్ట్రం' నిండుగా కనిపించింది. ఆ అమ్మాయి చదివింది వెబ్ పాఠాలుండే ఎండీఎన్ సైట్‌లో, పైసా ఖర్చు లేకుండా.

ఈ తెలుగు గోల మన ఊళ్లో ఎవరికీ పట్టదు, అదే నా బాధ. 'సబ్మిట్' అనే మాటకి కొలిచి చేసిన బటన్‌లో 'సమర్పించండి' ఎలా పడుతుంది? వెడల్పు పిక్సెళ్లలో బిగించేస్తారు, తెలుగు మాట బయటికి పొడుచుకొస్తుంది. ఇన్ని వేలమంది డెవలపర్లున్న హైదరాబాద్‌లో కూర్చుని మనమే మన అక్షరాల్ని కోసేస్తుంటే ఇంకెవరు చూస్తారు?

ఫ్రేమ్‌వర్కుల సంగతికొస్తే, గూగుల్ 2010లో యాంగ్యులర్‌జేఎస్ తెచ్చింది. 2016లో దాన్ని మొదలంటా తిరగరాసి యాంగ్యులర్ 2 అంది. పాతదానికి 2021తో సపోర్ట్ ఆపేసింది. రియాక్ట్ 2013లో బయటికొచ్చింది. 2019లో హుక్స్ అనే కొత్త పద్ధతి వచ్చాక అందులో కోడ్ రాసే తీరే మారిపోయింది. కొత్త ప్రాజెక్టులకు క్రియేట్ రియాక్ట్ యాప్ అనే పాత సెటప్ టూల్ వాడొద్దని 2025లో రియాక్ట్ టీమే చెప్పింది. ఇంకా దాంతోనే క్లాసు మొదలుపెట్టే కోచింగ్ సెంటర్లున్నాయి. 1995లో పుట్టిన జావాస్క్రిప్ట్ మాత్రం వీటన్నిటి కిందా అలాగే ఉంది.

కాబట్టి మీ ఊరికి వెళ్లే బస్సుల టైమింగులు చూపించే పేజీ ఒకటి, ఏ లైబ్రరీ లేకుండా, తెలుగులో చేయండి. చిన్న ఫోన్లో విరగకూడదు. మౌస్ ముట్టకుండా ట్యాబ్ కీతోనే ప్రతి బటన్‌కీ చేరగలగాలి. డేటా రావడం ఆలస్యమైతే ఏం చూపించాలో కూడా మీరే రాయండి. ఇది ఒంటిచేత్తో చేయగలిగాక వీట్ అనే సెటప్ టూల్‌తో రియాక్ట్ మొదలుపెట్టండి, ఆ తర్వాత జావాస్క్రిప్ట్‌కి డేటా రకాల్ని సరిచూసే వీలు చేర్చిన టైప్‌స్క్రిప్ట్. కోచింగ్‌లో చేరాలనే అనుకుంటే ఫీజు కట్టే ముందు ఒక డెమో క్లాసులో కూర్చుని, పేజీలో వస్తువుల్ని అమర్చే ఫ్లెక్స్‌బాక్స్‌కీ గ్రిడ్‌కీ ఎన్ని రోజులు కేటాయిస్తారో అడగండి. ఒక్క రోజులో అయిపోతుందంటే అక్కడ చేరకండి.