8 శాతమే ఉన్నా లుకేమియా అని ఎందుకు రాశారు?

తమ్ముడూ, నాన్నగారి రక్తంలో ప్లాస్మా కణాలు (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) 8 శాతమే ఉన్నాయి, ప్లాస్మా సెల్ లుకేమియా (ఆ కణాల క్యాన్సర్ రక్తంలోకి పాకడం) అనాలంటే 20 దాటాలి కదా అని అడిగావు. అది పాత లెక్క. 5 దాటినవాళ్లలో కూడా జబ్బు అంతే ఉధృతంగా ఉంటోందని తేలాక, 2021లో అంతర్జాతీయ మైలోమా (ఎముక మజ్జలో పుట్టే ప్లాస్మా కణాల క్యాన్సర్) నిపుణుల బృందం హద్దును 5 శాతానికి దించింది. డాక్టరు గారు సరిగ్గానే రాశారు.

ఈ జబ్బు వస్తే బతికేది "కొన్ని నెలలే" అని ఎక్కడో చదివి కుంగిపోకు. ఇది యూరప్‌లో ఏడాదికి కోటి మందిలో దాదాపు నలుగురికి వచ్చే జబ్బు. కేసులు తక్కువ కాబట్టి దశాబ్దాల రికార్డులు కలిపి లెక్కేస్తారు, అందులో బోర్టెజోమిబ్ అనే మైలోమా మందు రాకముందు వాళ్లూ ఉంటారు. అమెరికా రిజిస్ట్రీలో 1973–95 మధ్య రోగుల్లో సగం మంది 5 నెలలు దాటలేదు. 2006–09 నాటికి అదే 12 నెలలైంది. మందులు ఆ తర్వాత ఇంకా వచ్చాయి. జబ్బు తీవ్రమైనదే, నీ దగ్గర దాచను.

ముందు ఫిష్ (క్యాన్సర్ కణాల క్రోమోజోముల్లో మార్పులు చూసే పరీక్ష) రిపోర్టు అడుగు. 17పి లోపం (17వ క్రోమోజోములో ఒక ముక్క పోవడం) ఉంటే కష్టం ఎక్కువ. 11;14 మార్పిడి (11, 14 క్రోమోజోముల ముక్కలు చోటు మార్చుకోవడం) ఉంటే వెనెటోక్లాక్స్ అనే మందు గురించి తప్పక అడగాలి. నాన్నగారికి ఇంతకుముందు మైలోమా ఉందా? అది ముదిరి ఇలా మారితే పరిస్థితి వేరు, ఇంకా కఠినం. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), కాల్షియం, ఎల్‌డీహెచ్ (జబ్బు ఉధృతిని సూచించేది) రక్తపరీక్షల ఫలితాలు కూడా డాక్టరుకు చూపించు. ఒళ్లు తట్టుకుంటుందంటే మూలకణ మార్పిడి మాట ఇప్పుడే ఎత్తు.

రెండో అభిప్రాయం కావాలంటే ఈ రెండు మూడు రోజుల్లోనే తీసుకో, చికిత్స మాత్రం ఆపొద్దు.