పెళ్లి చేసిందీ వాళ్లే, చెరిపేసిందీ వాళ్లే

అద్దెపుస్తకాల అత్తయ్య జవాబులు

(ఈ వారం కామిక్స్ మీదే ఉత్తరాలు ఎక్కువొచ్చాయి. ఆవకాయ అనుమానాలూ వియ్యపురాళ్ల తగువులూ వచ్చే వారానికి వాయిదా.)

ప్ర: అత్తయ్యా, నేను కానూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. స్పైడర్‌మన్ పాత సంచికలు వరసపెట్టి చదువుతున్నాను. పీటర్ పార్కర్‌కీ మేరీ జేన్‌కీ పెళ్లయ్యాకే కథ నాకు ఇంకా బాగా పట్టింది. తీరా 2007 దగ్గరికొచ్చేసరికి ఒక దెయ్యంతో బేరం కుదిర్చి, అసలా పెళ్లే జరగలేదన్నట్టు చేసేశారు. అది రచయిత బుద్ధి కాదట, ఎడిటర్ పట్టుబట్టాడట. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఎడిటర్‌కి అంత హక్కు ఎవరిచ్చారు?
– ఒక స్పైడర్‌మన్ అభిమాని, కానూరు, విజయవాడ

జ: కొనుక్కున్నవాళ్లు ఇచ్చారు నాయనా. మన వీక్లీల్లో సీరియల్ హీరోయిన్ ఆ రాసినావిడ సొత్తు. ఎడిటర్‌కి నచ్చకపోతే 'నాలుగు వారాల్లో ముగించండమ్మా' అంటాడు, అంతేగానీ అదే హీరోయిన్ని ఇంకొకరి చేత రాయించడు. అమెరికా సూపర్‌హీరోల సంగతి మొదట్నుంచీ వేరు. సూపర్‌మన్‌ని పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే కుర్రాళ్లు 1938లో మొదటి కథతో పాటు ఆ పాత్ర మీద హక్కులన్నీ 130 డాలర్లకి రాసిచ్చేశారు. అప్పట్నుంచీ అక్కడ పాత్ర కంపెనీ ఆస్తి, రచయిత కూలికొచ్చినవాడు, ఆస్తికి కాపలా ఎడిటర్. ఒకే స్పైడర్‌మన్‌ని ఒకే నెలలో రెండు మూడు పుస్తకాల్లో వేర్వేరు మనుషులు రాస్తుంటారు. ఒకరు చెయ్యి విరగ్గొడితే ఇంకొకరు అదే చేత్తో గోడ ఎక్కించకుండా చూసేవాడు ఒకడుండాలి గదా!

నువ్వు చెప్పిన దెయ్యం పేరు మెఫిస్టో. తూటా తగిలి చావుబతుకుల్లో ఉన్న, పీటర్‌ని పెంచిన మే ఆంటీ బతకాలంటే మీ పెళ్లి నాకిచ్చెయ్యండి అంటాడు. రాసింది జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ. బొమ్మలేసింది స్పైడర్‌మన్‌ని అచ్చేసే మార్వెల్ కంపెనీకి అప్పటి ప్రధాన సంపాదకుడు జో కెసాడా, స్వయంగా. పెళ్లయినవాడు పెద్దవాడిలా కనిపిస్తాడు, విడాకులిప్పిస్తే ఇంకా ముసలాడవుతాడు, కాబట్టి పెళ్లినే లేకుండా చేద్దామని కెసాడా లెక్క. చివరి రెండు భాగాల మీద నా పేరు తీసెయ్యమని అడిగాను, నచ్చజెబితే ఊరుకున్నాను అని స్ట్రాజిన్‌స్కీ తనే బయటపెట్టుకున్నాడు.

ఇప్పుడు నీకు రుచించని మాటొకటి. ఆ పెళ్లి చేసిందీ ఎడిటర్లే. 1987లో దినపత్రికల్లో వచ్చే స్పైడర్‌మన్ స్ట్రిప్‌లో, ఆ పాత్రని పుట్టించినవాళ్లలో ఒకడైన స్టాన్ లీ పెళ్లి పెట్టుకుంటే, పుస్తకంలోనూ హడావిడిగా అదే సమయానికి ముహూర్తం కుదిర్చారు. న్యూయార్క్ షే స్టేడియంలో బేస్‌బాల్ ఆటకి ముందు, వేషాలేసిన పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ నిలబెట్టి స్టాన్ లీ చేతే తంతు జరిపించారు. ఎడిటర్ వేలు పెట్టడమే నీ కోపానికి కారణమైతే ఆ పెళ్లి మీదా మండాలి. మండలేదు!

ఇంకోటి చూడు. 1980లో మార్వెల్‌వాళ్లదే ఎక్స్-మెన్ అనే సూపర్‌హీరోల గుంపు కథలో జీన్ గ్రే అనే పిల్లకి ఫీనిక్స్ శక్తి తలకెక్కి ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది. దాని చుట్టూ తిరిగే గ్రహం మీద 500 కోట్ల ప్రాణులు బూడిదవుతాయి. రచయిత క్రిస్ క్లేర్‌మాంట్, బొమ్మలేసిన జాన్ బర్న్ ఆమె శక్తులు మాత్రం పీకేసి ఇంటికి పంపుదామనుకున్నారు. పేజీలు గీసేశారు కూడా. ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ అది చూసి, అంతమందిని చంపినమ్మాయి శిక్ష లేకుండా ఇంటికెళ్లడం ఏం న్యాయం అన్నాడు. చివరి పేజీలు మళ్లీ గీశారు. జీన్ చంద్రుడి మీద తనంతట తను చచ్చిపోతుంది. నలభై ఏళ్లు దాటినా జనం తలుచుకునేది ఆ చావునే. మొదటి ముగింపు కూడా 1984లో అచ్చేశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే నేనైతే షూటర్‌కే ఓటేస్తాను.

అదే కంపెనీ 1986లో ఎక్స్-ఫ్యాక్టర్ అని కొత్త పుస్తకం పెడుతూ, చచ్చింది జీనే కాదు, అసలు జీన్ న్యూయార్క్ పక్కన సముద్రం అడుగున ఒక గూట్లో నిద్రపోతోంది అంది. అప్పటిదాకా ఏడ్చినవాళ్లంతా వెర్రివెంగళప్పలయ్యారు.

చదివేసిన కథని తర్వాత మార్చేస్తే ఎలా ఉంటుందో నాకు షాపులోనే తెలిసింది. సత్యనారాయణపురంలో ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డున్న చోట రైలు పట్టాలుండే కాలంలో మాది అద్దెపుస్తకాల షాపు. ఒక బ్యాంకు ఉద్యోగిని వీక్లీలో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం చించి, దారంతో కుట్టించి, నల్ల కాలికో అట్ట వేయించింది. పేజీ వెనక తలనూనె ప్రకటనలు, సగానికి తెగిన కాకరకాయ పులుసు, అన్నీ దాంట్లోనే. ఆ సీరియల్లో నాయిక చివరికి మొగుణ్ణి వదిలేసి వెళ్లిపోతుంది. ఏడాదికి నవల అచ్చయితే అందులో తిరిగొచ్చి కాళ్లు పట్టుకుంటుంది! ఆవిడ రెండూ తెచ్చి నా బల్ల మీద పడేసి, 'నవల మీరే ఉంచుకోండి, అద్దెకి ఇదిచ్చుకోండి' అని బైండు వదిలి వెళ్లింది. తర్వాత ఆడవాళ్లు నవల వద్దని బైండు కోసం వరస కట్టారు. పులుసు మరకలు పడ్డా, మధ్యలో రెండు పేజీలు ఊడినా సరే, అదే కావాలన్నారు.

నీ 1987 నుంచి 2007 దాకా కథ అలాంటి బైండే. రేపటి సంచికలో ఏం రావాలో ఎడిటర్ చెప్పొచ్చు, చెప్పాలి కూడా. షూటర్ చేసిందదే. డబ్బులిచ్చి మనం చదివేసి ఇంట్లో పెట్టుకున్నదాంట్లోంచి పేజీలు చించడానికి కెసాడా ఎవరు? నీ కోపం సబబైనదే. కాకపోతే ఎడిటర్లందరి మీదా చూపించకు, పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం పనికిరాదు.

అన్నట్టు, 2024లో మొదలైన అల్టిమేట్ స్పైడర్‌మన్‌లో పీటర్‌కీ మేరీ జేన్‌కీ పెళ్లయి ఇద్దరు పిల్లలు. జొనాథన్ హిక్‌మన్ రాశాడు. వేరే లోకంలో కథ అని గోడ కట్టి మరీ ఇచ్చారనుకో. జనం ఎగబడి కొన్నారు. అంటే కంపెనీవాళ్లకీ తెలుసన్నమాట.

ప్ర: అమ్మా, నేను రిటైర్డ్ హెడ్‌మాస్టర్ని. మా అబ్బాయికి 25 ఏళ్లు, ఉద్యోగస్థుడు. ఆ మధ్య కమలా ఖాన్ అనే అమ్మాయిని బొమ్మల పుస్తకంలో చంపేశారని ఆదివారమంతా మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఇప్పటికీ ఆ మాటెత్తితే చిరచిరలాడతాడు. ఈ వయసులో ఇదేం చోద్యం?
– పేరు వద్దన్న తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జ: చోద్యమేం లేదు మాస్టారూ. కమలా ఖాన్ జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబం పిల్ల, మిస్ మార్వెల్ అనే సూపర్‌హీరో. 2023లో ఆ పిల్లని తన పుస్తకంలో కాకుండా స్పైడర్‌మన్ పుస్తకంలో, 26వ సంచికలో, పక్క పాత్రలాగా చంపేశారు. రెండు నెలలు తిరక్కముందే మ్యూటెంట్‌గా, అంటే పుట్టుకతోనే వింత శక్తులున్న మనిషిగా బతికించి ఎక్స్-మెన్‌లో చేర్చారు. 2022లో టీవీ సిరీస్‌లో ఆమెని మ్యూటెంట్ అన్నారు, పుస్తకం దానికి సరిపోవాలి గదా! ఆత్మీయులెవరో పోయారని ఏడుస్తుంటే, ఆ పాడె కట్టింది పక్కింటివాళ్ల పెళ్లి పందిరికి వెదుళ్లు కావాలని అని తెలిస్తే ఎలా ఉంటుందో మీవాడికి అలా ఉంది. మీ రోజుల్లో వీక్లీ కట్ట విప్పకముందే బస్టాండులో కొట్టు ముందు నిలబడ్డవాళ్లని మీరు చూసే ఉంటారు. ఆ నిలబడ్డవాళ్లలో మీరు లేరని మాత్రం నాతో అనకండి.

ప్ర: ఈ గొడవంతా ఎందుకు, చంపాలా వద్దా అన్నది పాఠకుల ఓటుకే వదిలేస్తే పోలేదా?
– ఓ పాఠకురాలు, పటమట, విజయవాడ

జ: వదిలారు తల్లీ, 1988లో. బ్యాట్‌మన్‌కి సాయంగా ఉండే కుర్రాణ్ణి రాబిన్ అంటారు. ఆ రాబిన్‌లలో రెండోవాడు జేసన్ టాడ్ అని, కాస్త దుడుకు పిల్లాడు, చాలామందికి గిట్టలేదు. బ్యాట్‌మన్ శత్రువు జోకర్ వాణ్ణి ఇనప కడ్డీతో చావబాది బాంబున్న గోదాంలో పడేశాడు. బతకాలంటే ఒక నంబరు, చావాలంటే ఇంకో నంబరు, ఫోనుకి 50 సెంట్లు. చావాలన్నవాళ్లు 5,343, బతకాలన్నవాళ్లు 5,271. తేడా 72! దాంతో పిల్లాడి శవాన్ని మోసుకొస్తున్న బ్యాట్‌మన్‌ని గీశారు.

నాకిది ఎడిటర్ పెత్తనం కన్నా ఘోరంగా తోస్తుంది. షూటర్‌ని తిట్టాలంటే ఒక మనిషున్నాడు, కారణం చెప్పాడు. ఇక్కడ ఎవణ్ణి తిట్టాలి? పైగా ఒకడే పదిసార్లు ఫోన్ చేస్తే ఆపేవాళ్లెవరు? 2005లో వాణ్ణీ బతికించేశారు, అది వేరే సంగతి.

ప్ర: బ్యాట్‌మన్‌కి పెళ్లెప్పుడు?
– గవర్నర్‌పేట నుంచి ఒకరు

జ: 2018లో 50వ సంచికకి ముహూర్తం పెట్టారు. పెళ్లికూతురు క్యాట్‌వుమన్ రాలేదు. పుస్తకం కొట్లకి రాకముందే న్యూయార్క్ టైమ్స్ ఆ కబురు బయటపెట్టేసింది, గోరుచుట్టు మీద రోకటిపోటు. సూపర్‌మన్ నయం. టీవీ సీరియల్‌తో కలిపి చేద్దామని పెళ్లి వాయిదా వేసి, ఆ ఖాళీలో 1992లో ఆయన్ని చంపి, బతికించి, 1996లో పెళ్లి చేసి, 2011లో చెరిపేసి, 2016లో మళ్లీ సంసారంలో పెట్టారు.

ప్ర: అత్తయ్యగారూ, నేను కథలు రాస్తాను. ఒక పత్రిక నా కథ తీసుకుని, నన్ను అడక్కుండా ముగింపు మార్చి వేసింది. పోట్లాడాలా, ఊరుకోవాలా?
– కొత్త రచయిత, అరండల్‌పేట, గుంటూరు

జ: అడక్కుండా మార్చడం తప్పే, ఉత్తరం రాయండి. రాసేముందు మార్చిన ముగింపు ఒకసారి కళ్లు చల్లబడ్డాక చదవండి. అలాన్ మూర్ అనే ఇంగ్లండ్ రచయిత 'వాచ్‌మెన్' అనే సూపర్‌హీరోల కథని మొదట, బ్యాట్‌మన్, సూపర్‌మన్ పుస్తకాలు వేసే డీసీ కంపెనీ వేరే కంపెనీ దగ్గర కొనుక్కున్న పాత హీరోలతో రాద్దామనుకున్నాడు. కథ అయ్యేసరికి సగంమంది చచ్చేట్టు, మిగతావాళ్లు పనికిరాకుండా పోయేట్టు ఉందని డీసీలో ఎడిటర్ డిక్ జోర్డానో కొత్తవాళ్లని పుట్టించుకోమన్నాడు. ఆ అభ్యంతరం వల్లే ఆ కథలో రోర్‌షాక్ లాంటి పాత్ర పుట్టింది. జోర్డానో మొదలెట్టకముందు అడ్డుపడ్డాడు, ఎందుకో చెప్పాడు, ఇంకో దారీ చూపించాడు.

దీనికి పూర్తి తలకిందులు 2013 బ్యాట్‌వుమన్ వ్యవహారం. బ్యాట్‌వుమన్ అసలు పేరు కేట్ కేన్. ఆవిడా, మ్యాగీ సాయర్ అనే ఇంకో ఆవిడా ప్రేమించుకుని పెళ్లాడబోతారు. ఎన్నాళ్లుగానో నడిపిస్తున్న కథల్ని ఆఖరి నిమిషంలో మార్చమన్నారని, ఈ పెళ్లయితే ఎప్పటికీ చూపించకూడదన్నారని చెప్పి రచయితలు జె.హెచ్. విలియమ్స్, హేడన్ బ్లాక్‌మన్ పుస్తకం వదిలేసి వెళ్లిపోయారు. హీరోలకి సుఖమైన సంసారాలుండకూడదని డీసీ పెద్దల వాదన. ఉండకూడదనుకుంటే నిశ్చితార్థం దాకా ఎందుకు రానిచ్చారో మరి!

ఈసారి కథ పంపేటప్పుడు 'మార్పులుంటే అచ్చుకి ముందు చూపించగలరు' అని పై కాగితం మీదే రాయండి. ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఫోన్ వస్తే ఎత్తండి. కొత్త రచయితలు సగంమంది ఎత్తరని సబ్‌ఎడిటర్లు నాతోనే వాపోయారు.

ప్ర: పాత ఇంగ్లిష్ కామిక్స్ మన బెజవాడలో దొరుకుతాయా?
– మాచవరం పాఠకుడు

జ: లెనిన్ సెంటర్ పాతపుస్తకాల కొట్లలో పోటీ పరీక్షల గైడ్ల కింద వెతకండి, అదృష్టముంటే తగులుతాయి. కొనేముందు లోపలి పేజీలన్నీ తిప్పిచూడండి. 1970ల్లో మార్వెల్‌వాళ్లు ఉత్తరాల పేజీలో స్టాంపు బొమ్మ ఒకటి అచ్చేసి, కత్తిరించి దాచుకోమనేవాళ్లు. పిల్లలు బుద్ధిగా కత్తిరించారు. ఎక్స్-మెన్ గుంపులోని వుల్వరీన్ మొదటిసారి పూర్తిగా కనిపించే 1974 నాటి హల్క్ 181వ సంచికలోనూ ఆ స్టాంపుంది, అది లేని కాపీకి ధర అమాంతం పడిపోతుంది. లెనిన్ సెంటర్లో అది దొరుకుతుందని కాదు. దొరికితే మాత్రం బేరమాడకుండా కొనేసి, ముందు నాకు ఫోన్ చెయ్యండి.