అమ్మ ఇంట్లో కెమెరాలు పెట్టేముందు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఇంటికి కెమెరాలు, పడిపోతే కనిపెట్టే వాచీ, మాటతో లైటు వెలిగించే స్పీకరు కొంటానని, ఏది మంచిదో చెప్పమని రాశావు. మీ నాన్న పోయాక తెనాలిలో అది ఒక్కతే ఉంటోంది. నువ్వు డాలస్‌లో, చెల్లి బెంగళూరులో. మా వీధిలో సగం ఇళ్ళు ఇలాగే ఉన్నాయి. ఇది పిల్లల తప్పని నేను అనుకోను. చదువులూ ఉద్యోగాలూ అలా తీసుకుపోయాయి. నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, ఇప్పటికీ చుట్టుపక్కల పెద్దవాళ్ళ మంచిచెడ్డలు చూస్తున్నదాన్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు కాగితం మీద ముగ్గురి పేర్లు రాయి. అమ్మ పడిపోయిందని నీ ఫోను మోగితే పది నిమిషాల్లో ఆ ఇంటికి వెళ్ళగలిగేది ఎవరు? ఇక్కడ మధ్యాహ్నం మూడైతే చలికాలంలో నీకక్కడ తెల్లవారుజాము మూడున్నర. నువ్వు ఉలిక్కిపడి లేచినా చేయగలిగింది ఇంకొకరికి ఫోన్ చేయడమే. 108కి చేద్దామన్నా అమెరికా ఫోను నుంచి కలవదు. ఇక్కడివాళ్ళెవరో చేయాలి. అందుకని ఎదురింటివాళ్ళ నంబరు, మేడమీద అద్దెకుంటున్న కుర్రాడి నంబరు, నాది నీ దగ్గర ఉండాలి. వాళ్ళు ముందే సరేనని ఉండాలి, ఒకరి దగ్గరైనా తాళంచెవి ఉండాలి. మా వీధిలో ఒకాయన హాల్లో పడి ఉండటం కొడుకు కెమెరాలో చూస్తూనే ఉన్నాడు. లోపల గడియ వేసి ఉంది. తలుపు పగలగొట్టి లోపలికి వెళ్ళేసరికి చాలా సేపు పట్టింది. మీ అమ్మకీ గడియ వేసుకునే అలవాటుంది. గడియ బదులు బయటినుంచి తాళంచెవితో తెరుచుకునే లాక్ పెట్టించు. బాత్రూమ్ తలుపుకీ అలాంటిదే కావాలి. నీ జాబితాలో లేనిది, అన్నిటికంటే ముందు కొనాల్సింది ఇదే.

ఇక కెమెరా సంగతి. పెట్టేముందు అమ్మని అడుగు. "నీ మంచికేగా" అంటే అది అడగడం కాదు. అది కొప్పు విప్పుకుని కూర్చునే ఇల్లు, జాకెట్టు హుక్కులు ఊడదీసి ఫ్యాను కింద పడుకునే ఇల్లు. అక్కడ ఎవరో చూస్తున్నారని తెలిస్తే రోజంతా పరాయి ఇంట్లో ఉన్నట్టు మసలుతుంది. వీధి తలుపు దగ్గర ఒకటి, అది ఒప్పుకుంటే హాల్లో ఒకటి పెట్టు, చాలు. పడకగదిలో వద్దు. పనిమనిషికీ చెప్పి పెట్టాలి, ఆమెకీ ఆ గౌరవం ఉంది. ఎవరెవరు చూస్తారో అమ్మకి తెలియాలి. పాస్‌వర్డ్ నీకూ చెల్లికీ తప్ప ఎవరికీ ఇవ్వకండి. కెమెరా ఇన్వర్టర్ మీద ఉన్నా వైఫై పెట్టె దానికి కలపకపోతే కరెంటు పోగానే నీకేమీ కనపడదు, నువ్వు అనవసరంగా కంగారుపడతావు. రెండింటినీ కలిపించు.

వాచీ విషయంలో తొందరపడకు. మీ అమ్మది ఆండ్రాయిడ్ ఫోను, యాపిల్ వాచీ దాంతో జతకాదు. వేరేది కొన్నా తరచూ ఛార్జింగ్ పెట్టాలి, పైగా స్నానానికి వెళ్ళేటప్పుడు తీసి గూట్లో పెడుతుంది. పెద్దవాళ్ళు తరచూ జారేది బాత్రూమ్‌లోనే. మెల్లగా ఒరిగి కూలబడితే కొన్ని వాచీలు అది పడిపోవడమని గుర్తించవు కూడా. దానికంటే వైర్‌లెస్ కాలింగ్ బెల్ ఒకటి కొను, కొన్ని వందల్లో వస్తుంది. తడికి పాడవని బటన్ ఉన్నది చూసి, ఆ బటన్ను బాత్రూమ్‌లో నేలకి జానెడు ఎత్తున అతికించి, మోగే పెట్టెను ఎదురింట్లో పెట్టండి. కింద పడి ఉన్న మనిషికి చెయ్యి అందాలి, అందుకే అంత కింద. గోడకి పట్టుకోవడానికి స్టీలు రాడ్లు, జారని పట్టా, రాత్రి మంచం దిగగానే తనంతట వెలిగే చిన్న లైటు కూడా కావాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు చటుక్కున లేస్తే కళ్ళు తిరగొచ్చు, కాసేపు మంచం అంచున కూర్చుని లేవమని చెప్పు.

బీపీ మిషను మణికట్టుకి పెట్టేది కాకుండా జబ్బకి చుట్టేది కొను. అయిదు నిమిషాలు కూర్చున్నాకే చూసుకోవాలి. ఒక్కపూట అంకె పెరిగిందని ఫోన్ చేసి దాన్ని బెదరగొట్టకు. వారం లెక్క డాక్టరుకి చూపిస్తే చాలు.

ఫోను నేర్పేటప్పుడు దానికి పనికొచ్చేదే ముందు నేర్పు. నాన్న పెన్షన్ కోసం, తను బతికే ఉన్నానని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి ఇవ్వొచ్చు. ట్రెజరీకి తిరగక్కర్లేదంటే సంతోషంగా నేర్చుకుంటుంది. ఫోను లాక్కుని నువ్వే నొక్కేయకు, దాని వేలితోనే చేయించు. టైపింగ్ కష్టమైతే వాట్సాప్‌లో వాయిస్ పెట్టుకుంటుంది. కానీ దాని ఫోను తెర నీకు కనపడేలా చేసే స్క్రీన్ షేరింగ్ యాప్ మాత్రం అలవాటు చేయకు. నువ్వడిగితే తెరిచిన చెయ్యి రేపు మోసగాడు అడిగినా తెరుస్తుంది. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో లేదని, పోలీసులు వీడియో కాల్‌లో ఎవరినీ బంధించరని పదేపదే చెప్పు. యూపీఐకి కలిపిన ఖాతాలో నెల ఖర్చుకి మించి ఉంచవద్దను. ఇలాంటి మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి చేయాలి. పెద్దవాళ్ళకి ఇతర సలహాలకి 14567 ఉంది. ఈ నంబర్లన్నీ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అతికిస్తాను.

ఇవన్నీ పెట్టాక కూడా ఫోన్ చేయడం తగ్గించకు. కెమెరాలో చూశాను కదా అనిపిస్తుంది. మీ అమ్మ నిన్ను చూడలేదు.

ప్లంబర్‌ని పిలిచి రాడ్లు ఈ వారమే పెట్టిస్తాను. సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మని వెంటబెట్టుకుని ఎదురింటికీ మేడమీదికీ నువ్వే వెళ్ళు. తాళంచెవి మీ అమ్మ చేత్తోనే ఇప్పించు.

పెద్దమ్మ